1911 జూన్ నాటి ఒలింపిక్: డెక్ పనుల డైరీ

మార్చి

ఈసారి నా ఓడ మోడళ్ళ బల్ల మీదికి ఎక్కింది ఒలింపిక్. టైటానిక్‌కి అక్క. బెల్‌ఫాస్ట్‌లోని హార్లండ్ అండ్ వుల్ఫ్ యార్డులో రెండింటినీ పక్కపక్కనే కట్టారు. యార్డు నంబర్లు 400, 401. అక్క 1911 జూన్ 14న మొదటి ప్రయాణానికి బయల్దేరి 1935 దాకా అట్లాంటిక్ మీద తిరిగింది. చెల్లెలు అయిదు రోజులు నిండకుండానే మునిగిపోయింది. అయినా ప్లాస్టిక్ మోడల్ కిట్లు ఎక్కువగా దొరికేది చెల్లెలివే. నా దగ్గరున్నదీ 1/350 స్కేలు టైటానిక్ కిట్టే. దాన్ని ఒలింపిక్‌గా మార్చాలి.

అసలు ఓడ పొడవు 882 అడుగుల 9 అంగుళాలు. నా స్కేలులో 77 సెంటీమీటర్లకు పిసరంత తక్కువ. హల్ (ఓడ ఒళ్ళు) సంగతి పెద్దగా బెంగ లేదు, అక్కచెల్లెళ్ళ అడుగుభాగం ఇంచుమించు ఒకటే. పనంతా పైన, డెక్కుల మీద ఉంది. చెక్క పలకలు, గాలిగొట్టాలు, క్రేన్లు, లంగరు సామాను, పడవలు, బెంచీలు. ఈ డైరీ వాటి గురించే.

జిగురు సీసా మూత తీసేముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఏ రోజు నాటి ఒలింపిక్? ఈ ప్రశ్న తేలకపోతే తర్వాతి ప్రశ్నలు ఏవీ తేలవు. 1910 అక్టోబరు 20న నీళ్ళలోకి దింపినప్పుడు ఫోటోల్లో బాగా పడాలని హల్‌కి లేత బూడిద రంగు వేశారు. 1911 సెప్టెంబరు 20న హాక్ అనే యుద్ధనౌక గుద్దుకుని కుడివైపు వెనక భాగం చీలింది. 1912 ఏప్రిల్లో టైటానిక్ మునగ్గానే డెక్ మీద మడత పడవలు హడావిడిగా పేర్చారు. అదే ఏడాది అక్టోబరులో యార్డుకి వెళ్ళి, 1913 వసంతంలో పడవల వరస బాగా పెరిగి, బి డెక్ (పైనున్న బోట్ డెక్ కింద అంతస్తుల్ని వరసగా ఏ, బి, సి అంటారు) మారి బయటికొచ్చింది. తర్వాత యుద్ధం, సైనికుల రవాణా, కళ్ళు చెదిరే చారల రంగులు. యుద్ధం అయ్యాక బొగ్గు పోయి ఆయిలు వచ్చింది. ఇన్నిసార్లు వేషం మార్చిన ఓడ ఇది. పుస్తకంలో ఒక బొమ్మ నుంచి పడవలు, ఇంకో బొమ్మ నుంచి గాలిగొట్టాలు తీసుకుంటే, ఏనాడూ సముద్రం మీద లేని ఓడ తయారవుతుంది.

నేను ఎంచుకున్నది 1911 జూన్ 21. మొదటి ప్రయాణం ముగించుకుని న్యూయార్కు చేరిన రోజు. ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆ రోజు బెయిన్ న్యూస్ సర్వీస్ వాళ్ళ ఫోటోగ్రాఫర్లు రేవు దగ్గర ఉన్నారు. వాళ్ళు ఫోటోలు తీసిన గాజు ప్లేట్లు ఇప్పుడు అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. పెద్ద సైజు స్కాన్లు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. అంతకు కొద్దివారాల ముందే యార్డు ఫోటోగ్రాఫర్ రాబర్ట్ వెల్చ్ బెల్‌ఫాస్ట్‌లో తీసిన ఫోటోలు ఉన్నాయి. ఓడ మే 31న సొంతదారు వైట్ స్టార్ కంపెనీ చేతికొచ్చింది. అంటే ఈ రెండు ఫోటోల గుంపులూ ఒకే కొత్త ఓడవి, మధ్యలో మార్పులు జరగడానికి వ్యవధి లేదు. తేదీ ఎంచుకునేటప్పుడు నాకు నచ్చిన తేదీ కన్నా, సాక్ష్యం ఎక్కువగా ఉన్న తేదీ మేలు.

ఏప్రిల్

నెలంతా ఫోటోలతోనే గడిచింది. కత్తి పట్టలేదు.

ఈ రెండు ఓడల విషయంలో ఫోటో కింద రాసింది నమ్మడానికి లేదు. టైటానిక్ మునిగిన మర్నాటి నుంచి పత్రికలకి టైటానిక్ బొమ్మలు కావాల్సి వచ్చాయి. ఉన్నవేమో తక్కువ. మొదటి ఓడ కాబట్టి ఒలింపిక్‌ని లోపలా బయటా తీరిగ్గా ఫోటోలు తీశారు. ఆ బొమ్మలకే చెల్లెలి పేరు పెట్టి అచ్చేశారు. ఆ రోజుల న్యూస్‌రీల్ ఒకటుంది. తెల్ల యూనిఫాంలో కెప్టెన్ స్మిత్ బ్రిడ్జి (ఓడని నడిపించే చోటు) మీద నడుస్తూ కనిపిస్తాడు. అది న్యూయార్కులో ఒలింపిక్ మీద తీసింది. ఓడ దొరికిపోతుందని పక్కన టగ్ పడవల మీది పేర్లు ఫిల్మ్ మీదే గీకేశారు. టైటానిక్ కోసం వెతికేవాళ్ళకి ఆ ఫిల్మ్ మోసం. నాకు మాత్రం పెన్నిధి. ఒలింపిక్ బ్రిడ్జి దగ్గరి సామాను, రెయిలింగు, మనిషి పక్కన నిలబడితే ఏది ఎంత ఎత్తుందో అన్నీ అందులో ఉన్నాయి.

అందుకని క్యాప్షన్ పక్కన పెట్టి, బొమ్మలోని ఓడనే అడగడం మొదలుపెట్టాను. మొదట 'ఏ' డెక్ చూస్తాను. టైటానిక్‌కి ముందు సగం కిటికీ అద్దాలతో మూసేశారు, ఒలింపిక్‌కి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెరిచే ఉంటుంది. దూరం నుంచి తీసిన ఫోటో అయినా ఇది ఒక్కటి చాలు. తర్వాత బి డెక్. 1911 ఒలింపిక్‌కి అక్కడ కిటికీలు సమానమైన ఎడంతో వరసగా ఉంటాయి. టైటానిక్‌కి గదులు అంచుదాకా జరిపి కట్టడంతో కిటికీలు గుంపులు గుంపులుగా ఉంటాయి. ఈ మార్పులకి కారణం ఒలింపిక్ మొదటి ప్రయాణమే. కంపెనీ అధిపతి బ్రూస్ ఇస్మే అందులో ప్రయాణించి, బి డెక్ మీద షికారుకి వచ్చేవాళ్ళు తక్కువని గమనించాడు. నేను కడుతున్నది సరిగ్గా ఆ మొదటి ప్రయాణపు ఓడ కాబట్టి, మార్చబోయే వాటన్నిటినీ మార్చకముందు రూపంలో చూపించాలి.

వీల్‌హౌస్ (చుక్కాని చక్రం ఉండే గది) ముఖం ఒలింపిక్‌కి వంపు తిరిగి ఉంటుంది, టైటానిక్‌కి బల్లపరుపు. బ్రిడ్జి రెండు చివర్లలో ఉండే చిన్న గదులు ఒలింపిక్‌కి ఓడ పక్కతో సమంగా ఆగిపోతాయి, టైటానిక్‌కి బయటికి పొడుచుకొస్తాయి. ముక్కు దగ్గర ఎడమవైపు, ఫోక్సిల్ డెక్ (ముక్కు మీది ఎత్తు డెక్) కింద గుండ్రటి కిటికీలు ఒలింపిక్‌కి 14, పూర్తయిన టైటానిక్‌కి 16. తర్వాతి రోజుల్లో ఒలింపిక్‌కీ 16 అయ్యాయి. అందుకే ఈ లెక్క ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

ఓడ ఏదో తేలాక తేదీ. బోట్ డెక్ మీద ఒక్కో పక్క పడవలు ముందు నాలుగు, వెనక నాలుగు ఉండి మధ్యలో ఖాళీ కనిపిస్తే 1912 ఏప్రిల్‌కి ముందుది. పడవలు బారులు తీరి ఉంటే 1913 తర్వాతది. కంప్యూటర్‌లో మూడు ఫోల్డర్లు పెట్టాను. తేదీ రుజువైనవి, ఓడ రుజువై తేదీ తేలనివి, రెండూ తేలనివి. మూడో ఫోల్డర్లో ఎంత అందమైన ఫోటో ఉన్నా దాన్ని చూసి ఒక్క ముక్క కూడా కొయ్యను.

ఇంకో సంగతి రంగుల గురించి. ఆ కాలపు గాజు ప్లేట్లకి ఎరుపు కనపడదు. ఎరుపు వేసిన చోటు నల్లగా పడుతుంది, పసుపు ఉన్నదానికన్నా ముదురుగా పడుతుంది, నీలం తెల్లబోతుంది. కాబట్టి ఫోటోలో డెక్ చెక్క మధ్యరకం బూడిదగా కనిపించిందంటే, నిజంగా అది ఇంకా లేతగా ఉండేదని అర్థం. అంచున ఉన్న టేకు దాదాపు నలుపుకి దగ్గరగా కనిపిస్తుంది. కంప్యూటర్‌లో నలుపు తెలుపు ఫోటో మీద డ్రాపర్ పెట్టి రంగు తీసి సీసా ఎంచుకునేవాళ్ళు ఈ విషయం ముందు తెలుసుకోవాలి.

మే

ప్లాన్లు ప్రింటు తీయించి మా బాబాయి దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన విశాఖలో ఓడలు కట్టే చోట డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. కళ్ళద్దాలు సర్దుకుని ముందు మూల చూశారు, తర్వాతే ఓడ.

"ఇది కట్టబోయే ముందు గీసింది రా. కట్టేటప్పుడు ఫోర్‌మన్ వచ్చి ఇక్కడ పైపు అడ్డొస్తోంది సార్ అంటాడు. అక్కడికక్కడే పక్కకి జరిపేస్తాం. ఆ జరిపింది కాగితం మీదికి ఎక్కాలంటే యాజ్ ఫిట్టెడ్ షీటు మళ్ళీ గీయాలి. అది గీశారా లేదా చూడు."

"ఫోటోలో ఒకటుండి, ప్లాన్‌లో ఒకటుంటే ఏది పట్టుకోవాలి బాబాయ్?"

"ఉందా లేదా అన్నది ఫోటోని అడుగు. కొలత ఎంత అన్నది ప్లాన్‌ని అడుగు. పని మారిస్తే రెండూ అబద్ధం చెప్తాయి."

ఈ మాట ప్రింటు తీసి బల్ల ముందు గోడకి అంటించాను. ఇప్పటిదాకా డెక్ మీద వచ్చిన అనుమానాల్లో చాలావాటికి దారి దీంతోనే దొరికింది. 1911 నడి వేసవిలో ది షిప్‌బిల్డర్ అనే పత్రిక ఒలింపిక్, టైటానిక్‌ల మీద ప్రత్యేక సంచిక వేసింది. అందులో ప్లాన్లు, వర్ణన వివరంగా ఉన్నాయి. కానీ రెండు ఓడలకీ కలిపి ఒకే ప్లాన్ చూపించే చోట్ల, అది కాగితం మీది ఉద్దేశం మాత్రమే. బాబాయి చెప్పినట్టు, ఉందా లేదా అనేది వెల్చ్ ఫోటోనే చెప్పాలి.

జూన్

ఇక చెక్క. ఈ ఓడ మోడళ్ళలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది డెక్ పలకల గీతలు. వేల రూపాయలు పోసి, ఏళ్ళ తరబడి కష్టపడి చేసిన మోడల్‌కి డెక్ మాత్రం రూళ్ళ కాగితంలా నల్లగీతలతో ఉంటుంది. పైనుంచి చూస్తే ముందు కళ్ళకి కనపడేది ఆ గీతలే. ఓడ పెద్దదన్న భావం అక్కడే పోతుంది.

లెక్క వేసి చూద్దాం. ఒలింపిక్ డెక్ పలక వెడల్పు 5 అంగుళాలు, అంటే 127 మిల్లీమీటర్లు. 350తో భాగిస్తే 0.36 మిల్లీమీటరు. కిట్‌లో అచ్చుపోసిన గీతల మధ్య దూరం వెర్నియర్‌తో కొలిస్తే దాదాపు 1 మిల్లీమీటరు వచ్చింది. అసలు ఓడ మీద అది 14 అంగుళాల పలక అవుతుంది. అంత వెడల్పు పలక ఏ ఓడ డెక్ మీదా వెయ్యరు, ఎండకీ నీటికీ పళ్ళెంలా వంగిపోతుంది.

పలకల మధ్య సందు సంగతి ఇంకా తేడా. ఆ సందులో పీచు దట్టించి, పైన కరిగించిన తారు పోస్తారు. సందు వెడల్పు 1 సెంటీమీటరు అనుకున్నా ఈ స్కేలులో 0.03 మిల్లీమీటరు. తల వెంట్రుక అంత మందం కూడా కాదు. అది గీతగా కనపడకూడదు. పలకకీ పలకకీ రంగులో ఉండే చిన్న తేడాగా మాత్రమే కంటికి తెలియాలి.

అందుకని కిట్‌లోని గీతలన్నీ ఉప్పు కాగితంతో అరగదీసి నున్నగా చేశాను. పైన లేత రంగు బేస్ కొట్టి, 0.36 మిల్లీమీటరు ఎడంతో కోసిన సన్నటి మాస్కింగ్ స్టెన్సిల్ పెట్టి, ఒకే రంగుకి నాలుగు ఛాయలు కలుపుకుని ఎక్కడికక్కడ చల్లాను. ఛాయల మధ్య తేడా ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. చేతిలో పట్టుకున్నప్పుడు పలకలు కనపడాలి, రెండడుగుల దూరం నుంచి డెక్ ఒకే వస్త్రంలా ఉండాలి.

పలకల చివర్లు కలిసే చోట్లకీ నియమం ఉంది. పలక చివర గాలిలో ఆగదు, కింద ఇనుప దూలం ఉన్న చోటే ఆగాలి. ఓడ మధ్యభాగంలో ఫ్రేముల (ఆ దూలాల్ని మోసే ఓడ పక్కటెముకల) ఎడం 3 అడుగులు, నా స్కేలులో 2.6 మిల్లీమీటర్లు. కాబట్టి చివర్లు ఆ గుణిజాల్లోనే పడాలి. ఒకే దూలం మీద రెండు అతుకులు వస్తే మధ్యలో కనీసం మూడు పలకలు అతుకు లేకుండా సాగాలి. ఇటుక గోడలా ఒకటి విడిచి ఒకటి అతుకు వేస్తే చూడ్డానికి చక్కగా ఉంటుంది కానీ, ఓడ వడ్రంగి అలా వెయ్యడు.

డెక్ అంచు వెంట, డెక్ మీది గదుల గోడల చుట్టూ వేరే చెక్క. డెక్ మీది మామూలు పైన్ చెక్క పలకలు గోడకి నేరుగా తగలవు, మధ్యలో టేకు మార్జిన్ పలక వస్తుంది. నీళ్ళు నిలిచే చోటు, తొందరగా పుచ్చే చోటు అదే కాబట్టి అక్కడ గట్టి చెక్క కావాలి. ముక్కు దగ్గర ఓడ సన్నబడే కొద్దీ పలకల చివర్లు సూదిలా మొనదేలకుండా, ఆ మార్జిన్ పలకలో గాడి కోసి మొద్దుగా దింపుతారు. మొనదేలిన చెక్క చీలిపోతుంది, అందులో తారు నిలవదు. ఫోక్సిల్ మీద ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే, ఓడలు తెలిసిన మనిషి వంగి చూస్తాడు.

రంగు దగ్గర మళ్ళీ తేదీయే తీర్పు చెప్పింది. పాత లైనర్ల డెక్ బూడిద తిరిగిన తెలుపు. రోజూ ఇసుకరాయితో, నీళ్ళతో రుద్దుతారు, పైన ఎండ, ఉప్పుగాలి. అందువల్ల మోడల్ చేసేవాళ్ళు బూడిద కలిసిన రంగు వేస్తారు. నా ఓడ మాత్రం యార్డు నుంచి బయటికొచ్చి మూడు వారాలే అయింది. పైన్ ఇంకా లేత పసుపుగానే ఉండాలి. టమియా అనే మోడల్ రంగుల కంపెనీ వాళ్ళ డెక్ ట్యాన్ నాకు బూడిద ఎక్కువనిపించింది, వుడెన్ డెక్ ట్యాన్‌లో తెలుపు బాగా కలిపి దించుకున్నాను. అదే ఓడని 1930ల రూపంలో చేసేవాళ్ళు ఈ రంగు వెయ్యకూడదు.

జులై

నిజం చెక్క షీటు వాడొచ్చు కదా అని అడుగుతున్నారు. లేజర్‌తో కోసిన పల్చటి చెక్క డెక్ షీట్లు దొరుకుతాయి, చాలామంది అవే అంటిస్తారు. ఒక షీటు తెప్పించి పూప్ డెక్ (ఓడ వెనక చివరి డెక్) ముక్క మీద పరీక్షించాను. రెండు ఇబ్బందులు. లేజర్ కాల్చిన గీత ముదురు గోధుమ రంగులో ఉంటుంది, మన లెక్క ప్రకారం అది చాలా లావు. రెండోది, మా విశాఖ తేమ. వాన మొదలవగానే షీటు అంచులు లేచాయి. వెనకనుండే జిగురు ఏసీ గదిలో పట్టినట్టు ఇక్కడ పట్టదు. పెద్ద స్కేళ్ళలో, అంటే 1/200లో, పలక 0.63 మిల్లీమీటరు వస్తుంది. అక్కడ నిజం చెక్కకి అర్థం ఉంది. 1/350లో నా ఓటు రంగుకే.

ఆగస్టు

గాలిగొట్టాలు, ఫ్యాన్లు. డెక్ మీద ఓడ గుణం తెలిసేది వీటిలోనే అని నా నమ్మకం. కూనార్డ్ వాళ్ళ లుసిటేనియా, మారిటేనియాలనే తీసుకోండి. ఇవీ అక్కచెల్లెళ్ళే. కానీ మారిటేనియా డెక్ మీద బూర మూతి లాంటి గొట్టాలు అడవిలా ఉంటాయి, లుసిటేనియాకి మూతలున్న పొట్టి డబ్బాల్లాంటివి. దూరం నుంచి ఈ రెండిటినీ వేరుచేసేది అదే.

వైట్ స్టార్ వాళ్ళు ఈ ఓడల్లో ఎక్కువగా కరెంటు ఫ్యాన్ల మీద ఆధారపడ్డారు. అవి బెల్‌ఫాస్ట్‌లోనే డేవిడ్‌సన్ కంపెనీ చేసిన సిరోకో ఫ్యాన్లు. ఈ సిరోకో కథ మన దేశంలో మొదలైంది. శామ్యూల్ డేవిడ్‌సన్ 1860ల్లో కుర్రవాడిగా ఐర్లండ్ నుంచి ఇప్పటి అస్సాంలో ఉన్న కాచార్ టీ తోటలకి వచ్చాడు. తేయాకు ఆరబెట్టడానికి వేడిగాలి కొట్టే యంత్రం తయారుచేశాడు. ఎడారి వేడిగాలి పేరు మీద దానికి సిరోకో అని పేరు పెట్టి, 1881లో బెల్‌ఫాస్ట్‌లో ఫ్యాక్టరీ తెరిచాడు. టీ ఆకు ఆరబెట్టడంలో నేర్చుకున్న గాలి విద్య చివరికి ఒలింపిక్ బాయిలర్ గదుల దాకా వెళ్ళింది. ఈ ఫ్యాన్లు చేస్తున్నంతసేపూ ఈ సంగతి తలుచుకుంటూ చేశాను. చెయ్యడానికి ఉత్సాహం అలాంటివాటి వల్లే వస్తుంది.

కిట్‌లో ఇచ్చిన ఫ్యాన్లన్నీ ఒకే సైజు. అసలు ఓడ మీద రకరకాల సైజులు. అక్కచెల్లెళ్ళ మధ్య వాటి అమరికలో తేడాలు కూడా ఉన్నాయి కాబట్టి టైటానిక్ ప్లాన్ చూసి పెట్టడానికి లేదు. కొలతలు ఫోటో నుంచే తీయాలి. దానికి నేను వాడే పద్ధతి చెప్తాను. డెక్ పలకే మనకి స్కేలు బద్ద. పలక 5 అంగుళాలని తెలుసు. ఫ్యాన్ అడుగుభాగం ఎన్ని పలకల మీద కూర్చుందో లెక్కపెడితే చాలు. తొమ్మిది పలకలు వస్తే 45 అంగుళాలు, నా స్కేలులో 3.3 మిల్లీమీటర్లు. కెమెరా ఏ కోణంలో ఉన్నా ఇబ్బంది లేదు, ఎందుకంటే పలకలూ ఫ్యానూ ఒకే చోట ఒకే వాలులో ఉన్నాయి. ఎత్తు కోసం పక్కన లైఫ్‌బోటు గానీ, రెయిలింగు గానీ, మనిషి గానీ చూస్తాను. లైఫ్‌బోటు 30 అడుగులు, అంటే 26 మిల్లీమీటర్లు. నీడల్ని కూడా వదలకూడదు. గోడ మీద పడిన గొట్టం నీడ దాని మూతి ఎటు తిరిగి ఉందో చెప్పేస్తుంది.

కొలతలు తీసుకున్నాక కంప్యూటర్‌లో గీసి, హైదరాబాద్‌లో ఒక మిత్రుడి దగ్గర రెసిన్ ప్రింటర్‌లో తీయించాను. ప్రింటయ్యేటప్పుడు ముక్కని నిలబెట్టే సపోర్టులు డెక్ మీద కూర్చునే వైపే పెట్టమనండి. మూతి వైపు పెడితే ఆ మచ్చ ఎంత గీకినా పోదు.

సెప్టెంబరు

ఫోక్సిల్. ఇక్కడ వస్తువులు పెద్దవి, లాజిక్ తెలిస్తే అమరిక దానంతటదే వస్తుంది.

లంగర్లు మూడు. పక్కల రెండు మామూలే, గొలుసులు విండ్‌లాస్ (గొలుసు లాగే యంత్రం) మీంచి కిందికి దిగుతాయి. గొలుసు రాసుకుపోయే దారిలో చెక్క ఉంటే నాలుగు రోజుల్లో పిప్పి అవుతుంది కాబట్టి అక్కడ ఇనుప రేకులు పరిచారు. మూడోది మధ్య లంగరు. నెదర్టన్‌లో నోవా హింగ్లీ కంపెనీ తయారుచేసింది, బరువు 15 టన్నులు దాటుతుంది. ఇది ముక్కు చివర డెక్‌లో ఒక గుంటలో పడుకుని ఉంటుంది, దాని వెనకే దాన్ని ఎత్తడానికి ఒక క్రేన్. దీనికి గొలుసు లేదు, లావు ఉక్కు తాడు. మోడళ్ళలో చాలావాటికి ఇక్కడ కూడా గొలుసు వేలాడదీస్తారు. నేను సన్నటి రాగి తీగల్ని మెలిపెట్టి తాడు చేసి, మట్టి రంగు పట్టించి ముక్కు రంధ్రం వైపు సాగదీశాను.

సరుకు ఎత్తే కరెంటు క్రేన్లు మొత్తం ఎనిమిది, బాత్ పట్టణంలో స్టోథర్ట్ అండ్ పిట్ చేసినవి. ముందు వెల్ డెక్ (పల్లంగా ఉండే డెక్) మీద ఒక జత, వెనక పూప్ మీద ఒక జత, మిగతావి ఆ మధ్య. కిట్‌లో క్రేన్ చెయ్యి గట్టి ప్లాస్టిక్ కడ్డీ. అసలుది సన్నటి పట్టీలతో అల్లిన చట్రం. ఫోటో ఎచ్ బ్రాస్‌లో (యాసిడ్‌తో కోసిన పల్చటి ఇత్తడి రేకు) తీసుకుని మడిచాను. క్రేన్లని ఎటు తిప్పి పెట్టాలి? మళ్ళీ తేదీయే చెప్పాలి. ఓడ రేవులోకి వస్తోంది, సరుకు దించడం ఇంకా మొదలవ్వలేదు. చేతులు దించి కట్టేసి ఉండాలి. హాచ్‌ల (సరుకు దించే ద్వారాల) మీద టార్పాలిన్లు కప్పే ఉండాలి.

ఒక పాఠకుడు రాశారు, టైటానిక్ శిథిలం వీడియోలు చూసి ఈ వివరాలు పట్టుకోవచ్చు కదా అని. ఇనుప సామానుకి పనికొస్తాయి. విండ్‌లాస్‌లు, లంగరు క్రేన్, బొల్లార్డులు (తాళ్ళు కట్టే దిమ్మలు) ఈ రెండు ఓడలకీ ఒకటే కాబట్టి వాటి ఆకారం శిథిలంలో చూసి సరిచూసుకున్నాను. చెక్కకి మాత్రం పనికిరావు. 3,800 మీటర్ల లోతులో పైన్ పలకల్ని సముద్రపు పురుగులు తినేశాయి.

ఇంకా ఓపిక ఉన్నవాళ్ళకి నిజం ఓడ ఒకటి ఉంది. ఎస్.ఎస్. నొమాడిక్. షెర్బూర్గ్ రేవులో ఒలింపిక్ దాకా ప్రయాణికుల్ని చేరవేయడానికి 1911లో అదే యార్డు కట్టిన చిన్న ఓడ. ఇప్పుడు బెల్‌ఫాస్ట్‌లో బాగుచేసి పెట్టారు. అదే చేతులు, అదే కాలం. రెయిలింగు కాళ్ళు డెక్‌కి ఎలా దిగాయో, తలుపు గడప ఎంత ఎత్తో చూడటానికి సందర్శకులు పెట్టిన ఫోటోలే నాకు సరిపోయాయి.

అక్టోబరు

కోత పని. 'ఏ' డెక్ ముందు సగంలో కిట్ ఇచ్చిన కిటికీల తెర కోసేసి, స్తంభాల మధ్య తెరిచాను. లోపలి గోడ ఇప్పుడు బయటికి కనిపిస్తుంది కాబట్టి దానికి కూడా కిటికీలు, తలుపులు పెట్టాలి. బి డెక్ ముక్కని మొత్తం తీసేసి, సమానమైన కిటికీలతో బ్రాస్‌లో కొత్తది చేయించాను. ఇందులో చెప్పుకోవాల్సిన విశేషం పెద్దగా లేదు, ఓపిక మాత్రమే.

వీల్‌హౌస్ వంపు కోసం 0.25 మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటుని వేడి నీళ్ళలో ముంచి డ్రిల్ బిట్ చుట్టూ చుట్టాను. కిటికీలు చుట్టకముందే కోసుకోవాలి.

నవంబరు

పడవలు దిగాయి. 16, అన్నీ వెలిన్ డేవిట్ల (పడవల్ని నీళ్ళలోకి దించే ఇనుప చేతుల) కింద. స్వీడన్‌కి చెందిన ఆక్సెల్ వెలిన్ రూపొందించిన ఈ డేవిట్లు లోపలికీ బయటికీ తిరుగుతాయి, ఒక్కో జత కింద ఒకటి కన్నా ఎక్కువ పడవల్ని నడిపించగలవు. ఆ ఏర్పాటు 1911 నాటికే డెక్ మీద ఉంది, అదనపు పడవలే లేవు. బోట్ డెక్ మధ్యలో ఆ పెద్ద ఖాళీని నింపకుండా వదిలేస్తుంటే మనసు అదోలా అయింది. అయినా ఆ ఖాళీ ఆ రోజు నిజం. దాన్ని అలాగే చూపించాలి.

ఆ ఖాళీలో ప్రయాణికులు తిరిగేవారు. బోట్ డెక్ అంతా ఒకటే షికారు స్థలం కాదు. ముందు ఆఫీసర్లకి, తర్వాత ఫస్ట్ క్లాసుకి, తర్వాత ఇంజనీర్లకి, వెనక సెకండ్ క్లాసుకి. మధ్య మధ్యలో అడ్డు రెయిలింగులు, గేట్లు. కిట్‌లో ఈ అడ్డు రెయిలింగులు లేవు. 3 మిల్లీమీటర్ల ఎత్తు బ్రాస్ రెయిలింగు కోసి పెట్టాను. రెండు, మూడు పొగగొట్టాల మధ్య, లౌంజి కప్పు మీద కంపాస్ వేదిక ఉంటుంది. ఇనుముకి వీలైనంత దూరంగా ఉండాలని అంత ఎత్తులో పెట్టారు. దానికి ఎక్కే మెట్లు ఎటువైపో తేల్చడానికి ఒక వెల్చ్ ఫోటోలో నీడ పనికొచ్చింది.

డెక్ కుర్చీలు పెట్టాలా వద్దా అని మిత్రులతో పెద్ద చర్చే జరిగింది. వైట్ స్టార్ ఓడల్లో డెక్ కుర్చీ ప్రయాణానికి 4 షిల్లింగులకి అద్దెకిచ్చేవారు. నడి సముద్రంలో అయితే వరసలు వరసలుగా ఉండేవి. నా ఓడ న్యూయార్కు రేవులోకి వస్తోంది. అందరూ రెయిలింగు దగ్గర నిలబడి ఊరిని చూస్తుంటారు. స్టీవార్డులు కుర్చీలు మడిచి తీసేసి ఉంటారన్నది నా నిర్ణయం. డెక్‌కి బిగించిన చెక్క బెంచీలు మాత్రం ఉన్నాయి, మనుషుల్ని కుడివైపు రెయిలింగు వెంట గుంపుగా పెట్టాను.

మిగిలినవి పూప్ మీద డాకింగ్ బ్రిడ్జి (రేవులో కట్టేటప్పుడు ఆఫీసర్లు నిలబడే వంతెన), థర్డ్ క్లాసు వాళ్ళ బెంచీలు, వెనక వెల్ డెక్ మెట్లు. డాకింగ్ బ్రిడ్జి మీది టెలిగ్రాఫులు (ఆదేశాలు పంపే పరికరాలు) ప్రింటుకి పంపాను. అవి వచ్చేలోగా పూప్ పలకలకి రెండో ఛాయ వేసి, టేకు మార్జిన్ పూర్తి చేస్తాను.